బొటనవేలంత కప్పులో చాయ్

మొన్న ఒక దుకాణంలో, నీలిపూల తెల్ల పింగాణీ చాయ్ కప్పు, బొటనవేలంతది, కనిపించింది. శారదమ్మ టీచర్ గుర్తొచ్చారు.

తొంభైలలో అశోక్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి పైవాటాలో ఆమె ఒక్కరే ఉండేవారు. రిటైరయ్యాక ప్రతి ఆదివారం కోఠి, సుల్తాన్‌బజార్ తిరిగి అలాంటి పాత ఇంగ్లీషు కప్పులు, కెటిళ్లు వెతికి తెచ్చుకునేవారు. ఎప్పుడో ఇంగ్లండులో పిల్లల ఆటకు చేసినవట. వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేసరికి చీకటి పడేది. బడి కాగానే నేను తాళంచెవి కోసం పైకి వెళ్లేదాన్ని. ఒకరోజు టీచర్ బీరువా తెరిచి, ఆ కప్పుల్లోనే చాయ్ పోశారు. ఒక్క గుక్కకే అయిపోయింది. మళ్లీ పోశారు. మళ్లీ అయిపోయింది.

"జర కూచో బిడ్డా, ఇంకా మస్తుగుంది" అన్నారు.

ఇంత పిసినారి ఏమిటా అనుకున్నాను. "మా అమ్మయితే గ్లాసు నిండ పోస్తది" అన్నాను.

"అట్లనా" అని ఆమె కప్పులు కడిగి, తుడిచి, లోపల పెట్టేశారు.

మర్నాటి నుంచి స్టీలు గ్లాసు నిండా ఇచ్చేవారు. నేను గటగటా తాగేసి, తాళంచెవి తీసుకుని కిందికి పరుగెత్తి, ఎవరూ లేని ఇంట్లో టీవీ ముందు కూర్చునేదాన్ని. ఆమె మెట్ల దాకా వచ్చి నిలబడేవారు.

ఆ గ్లాసెడు చాయ్ బుల్లి కప్పుల్లో తాగితే సాయంత్రమంతా పట్టేదని, నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.