వదిన ఆపిన బస్సులు

నిన్న మా వదిన జపాన్ నుంచి ఫోటో పంపింది. మోకాళ్ల దాకా మంచు, నెత్తిన కుచ్చు టోపీ, ముఖంలో హెడ్‌మిస్ట్రెస్ గాంభీర్యం. ఆవిడ మంచును కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. అదే మంచు ఏ రాత్రి ఎంత పడుతుందో చెప్పి ఏళ్ల తరబడి జీతం తీసుకున్న మనిషి!

ఐటీ జోరు మీదున్న రోజులవి. సింగపూర్‌లో ఏ మూల చూసినా మనవాళ్లు బ్యాంకులకు కోడు రాస్తుంటే, చాంగీ బిజినెస్ పార్కులో మా ఆఫీసు మాత్రం జపాన్ కొండల్లోని హోటళ్లకు వాతావరణం చెప్పేది. వదిన చదివింది ఆ శాస్త్రమే. ఉద్యోగం లేని మరిదినని నన్నూ అక్కడే ప్రోగ్రాములు రాయడానికి పెట్టించింది. బయట చొక్కా ఒంటికి అంటుకునే ఉక్క, లోపల ఏసీకి వణుకుతూ మంచు కబుర్లు. అన్నట్టు, వదిన అనంతపురం నుంచి ముచ్చటపడి మోసుకొచ్చిన మట్టికుండ ఈ ఊళ్లో నీళ్లు చల్లబరచనని మొరాయించింది. యీషున్‌లోని మా ఫ్లాట్‌లో అన్నయ్య దాన్ని ఉల్లిపాయలకు కేటాయించాడు.

ఒక మధ్యాహ్నం, అక్కడ జపాన్‌లో బడిపిల్లల బస్సులు రెండు కనుమదారి గుండా కొండమీది హోటలుకు బయల్దేరబోతున్నాయి. రాత్రికి వాన అంది మా ప్రోగ్రాము. కాదు, దారి మూసుకుపోయేంత మంచు, బస్సుల్ని కింది ఊళ్లోనే ఆపమంది వదిన. మా మేనేజరు ఇక్కడి చైనీస్ ఆయన, మంచివాడే గానీ పిరికి.

"కన్ఫర్మ్ ఆ? బస్సులు ఆపాక వానే పడితే హోటల్ ఎంప్టీ, మన కాంట్రాక్ట్ ఫినిష్ లా!" అన్నాడు సింగపూర్ ఇంగ్లీషులో.

"ప్రోగ్రాము వాన అంటోంది కదా వదినా?" అన్నాను నేనూ.

"మన కుండ ఈడ యాల సల్లబడలేదు? గాలే తడి గాబట్టి. అనంతపురంలో పొడిగాలి తడిని తాగేస్తాది, నీళ్లు సల్లబడతాయి. ఆ కొండ మింద గాలి ఇప్పుడు మన ఊరి గాలి మాదిరి పొడిగుంది. వాన మొదలైతే ఆ గాలి దాన్ని తాగి తాగి గడ్డ కట్టేంత సల్లబడతాది. ఇంగ పడేదంతా మంచే."

"తప్పయితే అందరూ తిడతారు" అన్నాను.

"తిట్టనీ. మనల్ని తిట్టేదానికైనా తెల్లారి ఆ పిల్లోళ్లు ఉండాల గదప్పా!"

హెచ్చరికను తన పేరు పెట్టే పంపమంది. మేనేజరు కళ్లు మూసుకున్నంత పని చేసి పంపాడు.

ఆ సాయంత్రం నాకు ముద్ద దిగలేదు. ఆవిడ మాత్రం బొరుగుల ఉగ్గాని మారు వడ్డించుకుని, ఉప్పు తగ్గిందని అన్నయ్యను కసిరింది.

పొద్దున్నే హోటలు నుంచి ఫోను. కనుమదారి ఎక్కడుందో కనిపించడం లేదట. కింది ఊరి బడిలో నేల మీద పడుకున్న పిల్లలూ పంతుళ్లూ రాత్రంతా ఆపినవాళ్లను తిట్టిపోశారట. ఆ మాట విని వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు ఆవిడంటే అంత గర్వం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఆ పిల్లలకిప్పుడు పిల్లలుండి ఉంటారు. విహారయాత్ర పాడైన రాత్రని చెప్పుకుని ఇంకా విసుక్కుంటూనే ఉంటారేమో. వాళ్లు బతికిన ఇన్నేళ్ల కాలంలో మా వదినది ఒక మధ్యాహ్నం ఉందని వాళ్లకు తెలియదు.