ఒక్క కాలా, రెండు కాళ్లా?

ఆ రోజు పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చోబోతే ఎడమ కాలు మడత పడలేదు. పిక్క వాచి రాయిలా బిగుసుకుపోయింది. మాది లింగంపేట. ఇక్కడ పొద్దంతా చాట ముందు కూర్చునే ఆడవాళ్లకు కాళ్లు పట్టేయడం మామూలే. మా అత్తమ్మ నూనె వేడి చేసింది. ఆమె మర్దన కోసం వాడకట్టంతా మా ఇంటికే వస్తుంది.

"నరం పట్టింది, గంతే. జర ఓర్చుకో," అంటూ పిసికింది. మర్నాటికి కాలు ఇంకా లావెక్కి వేడిగా తయారైంది.

ఎల్లారెడ్డిలో చూసిన డాక్టరు వెంటనే కామారెడ్డికి పంపారు. అక్కడ కాలిలో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ చేశారు. "డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అమ్మా. కాలి లోపలి వెయిన్‌ల, అంటే గుండెకు రక్తం మోసే నాళంల, రక్తం గడ్డకట్టింది. ఎవరన్న మర్దన చేసిండ్రా?" అని అడిగారు డాక్టరు. అత్తమ్మ ముఖం పాలిపోయింది. "ఇగ చెయ్యద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే పానం మీదికి వస్తది."

భయమేసింది. అయినా అడగకుండా ఉండలేకపోయాను. "దెబ్బే తగల్లేదు గద సార్, రక్తమెందుకు గడ్డకట్టింది?"

"నడిస్తే పిక్క కండ రక్తాన్ని పైకి తోస్తది. గంటలకొద్ది కదలకుంటే రక్తం మెల్లగై గడ్డకట్టచ్చు. కొందరి రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువుంటది. వెయిన్ గోడ దెబ్బతిన్నా గట్లనే."

"మీరిచ్చే మందు గడ్డను కరిగిస్తదా?"

"ఈ గోళీ గడ్డ పెరగకుంట ఆపుతది. మెల్లమెల్లగ కరిగించుకునేది నీ ఒళ్లే."

ఆ మాటకు నా ఒంటి మీద నాకే గౌరవం పుట్టింది.

వాపు తగ్గాక ఒకరోజు బీడీల కోసం తునికాకు కత్తిరిస్తుంటే కత్తెర తగిలి వేలు తెగింది. నెత్తురు ఎంతకీ ఆగలేదు. "గా గోళీలతోనే ఆగుతలేదు, బంద్ చెయ్యి బిడ్డా!" అని అత్తమ్మ ఏడ్చింది. ఫోన్ చేస్తే డాక్టరు, "సొంతంగ ఆపకు. గుడ్డతోటి గట్టిగ అదిమి పట్టు, ఆగకుంటే దవాఖానకు రా," అన్నారు. అదిమి పడితే ఆగింది.

తర్వాత వెళ్లినప్పుడు మళ్లీ అడిగాను. "లోపలి గడ్డను ఆపుకుంట, తెగినకాడ నెత్తురు గడ్డకట్టనిచ్చే మందు లేదా సార్?"

ఆయన నవ్వారు. "అందరు ఎతికేది దానికోసమే. గసొంటి మందులు కొన్నిటిని ఇంకా పరీక్షిస్తున్నరు."

డాక్టరు చెప్పాకే గోళీలు ఆపాను. ఇప్పుడు స్టూలు మీద కూర్చునే బీడీలు చుడుతున్నాను, మధ్యమధ్య లేచి వాకిట్లో తిరుగుతాను. నేను చెప్పేది ఒక్కటే: ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మర్దన చేయించుకోకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసం కూడా వస్తే ఒక్క క్షణం ఆగకండి.

మొన్న పక్కింటి అక్క కాలు వాచిందని మర్దన కోసం వచ్చింది. అత్తమ్మ నూనె గిన్నె ముట్టలేదు.

"ఒక్క కాలా, రెండు కాళ్లా?"

"ఒక్కటే అత్తమ్మా."

"లే. నేను గూడ వస్త, దవాఖానకు పోదాం."