సిరి వాళ్ళ నాయన కోసం ఉపవాసం

ముందే చెప్పేస్తున్నాను. ఆత్మకూరులో మా చర్చి సంఘం ఆడవాళ్ళందరి కడుపులు మాడ్చి, కళ్ళు వాచేలా ఏడిపించి, బియ్యం మూటలతో ఉదయగిరి బస్సు ఎక్కించబోయిన మహాతల్లిని నేనే. అప్పుడు నేను ఏడో తరగతి. ఆ వయసులో మిగతా ఆడపిల్లలు మహా అయితే గాజు గ్లాసు పగలగొట్టి ఉంటారు, సైకిలు గుద్ది ఉంటారు. నేను చేసిన నష్టం ముందు అవన్నీ పుణ్యకార్యాలు.

దీనంతటికీ కారణం ఒక మాయల నవల. నస్రీన్ అని నా పక్క బెంచీ పిల్ల, వాళ్ళ మామయ్య కొనిచ్చిన పుస్తకాన్ని నాకు అరువిచ్చింది. అట్ట మీద పచ్చ కళ్ళ పాము. లోపల సిరి అనే పిల్ల. ఆ పిల్లకు అమ్మ లేదు. నాయనను మంత్రగత్తె అయిన మేనత్త రాయిని చేసేసింది. సిరిని కొండ గుహలో పెట్టి తాళం వేసింది. "సోమవారానికి తెచ్చియ్యాల. మడత పడిందంటే నీతో మాట్లాడను," అంది నస్రీన్. తల ఊపాను.

తల ఊపడం తేలికే. ఇంట్లో మా అమ్మ సుగుణమ్మ ఉందిగా! మా ఇంట్లో మంత్రాలూ మంత్రగత్తెలూ నిషేధం. "అట్టాంటి పుస్తకం గడప దాటి వచ్చిందంటే పొయ్యిలోకే," అని అమ్మ ఏనాడో తీర్మానం చేసింది. అమ్మ తీర్మానాలకు అప్పీలు లేదు.

మీరే చెప్పండి, సిరి గుహలో ఆకలితో ఉంటే నేను పుస్తకం మూసి లెక్కలు చేసుకోగలనా? అందుకని ఒక ఉపాయం చేశాను. మా ఇళ్ళల్లో బైబిలుకు జిప్పున్న నల్ల కవరు ఉంటుంది. బైబిలును బీరువాలో నా బట్టల మధ్య భద్రంగా పెట్టి, ఆ కవరులో నవల దూర్చాను. జిప్పు చక్కగా పట్టింది. జిప్పు పట్టిందంటే దేవుడికి అభ్యంతరం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక చూడండి నా భక్తి! అన్నం తింటూ ఒళ్ళో నల్ల కవరు. నీళ్ళు పడుతూ చంకలో నల్ల కవరు. అమ్మ మురిసిపోయింది. "మా గ్రేసీ ఈ మధ్య వాక్యం వదలడం లేదు. చదివి ఏడస్తాది కూడా," అని వీధిలో కనపడిన వాళ్ళందరికీ చెప్పింది. ఏడ్చిన మాట నిజమే. సిరి వాళ్ళ నాయన వేళ్ళు ఒక్కొక్కటే రాయిగా మారే చోట ఎవరైనా ఏడుస్తారు.

ఆ శనివారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. పొద్దుట నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆడవాళ్ళంతా మా హాలులో చాపల మీద కూర్చుంటారు. ప్రార్థన ముగిశాక మధ్యాహ్నం భోజనం. పెరట్లో కట్టెల పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. నేను ఒక మూల కూర్చుని, కవరు కొంచెం తెరిచి చదువుకుంటున్నాను. గబ్బిలాలు సిరిని చుట్టుముట్టాయి. నా కళ్ళల్లో నీళ్ళు.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నన్ను చూశారు. "చూడండమ్మా, ఇంత చిన్న వయసులో ఎంత భారం ఈ బిడ్డకి! గ్రేసీ, నీకేమన్నా ప్రార్థన అవసరత ఉండాదా? సిగ్గుపడకుండా చెప్పు."

నేను ఇంకా గుహలోనే ఉన్నాను. నోరు మాత్రం ఆత్మకూరులో ఉంది. అది తనంతట తానే అనేసింది: "సిరి కోసం ప్రార్థన చెయ్యండి అమ్మగారూ. వాళ్ళ నాయనకి కాళ్ళూ చేతులూ కదలడం లేదు. మాట కూడా లేదు."

హాలంతా "అయ్యో తండ్రీ!" అంది.

"పక్షవాతం," అని మా అవ్వ తేల్చేసింది. "వాళ్ళమ్మ యాడికి పోయింది?"

"అమ్మ లేదవ్వా. మేనత్తే చూస్తాది. సిరికి అన్నం కూడా పెట్టదు. లోపల పెట్టి తాళం వేస్తాది."

అంతే. ముందు వరసలో ఒకావిడ బోరుమంది. వెనక వరస అందుకుంది. అమ్మగారు మోకరించారు. అరగంట సేపు ఆ హాలులో సిరి పేరు మారుమోగింది. ఆ ఏడుపులకు నేను గుహలోంచి బయటికొచ్చాను, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు నిజం చెబితే పుస్తకం పొయ్యిలోకి పోతుంది. నస్రీన్‌కు ఏం చెప్పను? సిరి ఏమైందో నాకెట్లా తెలుస్తుంది? నోటితో పాటు కవరు జిప్పు కూడా మూసేశాను.

ప్రార్థన అయ్యాక మార్తమ్మ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది, "ఆ పిల్ల ఉండేది యా ఊర్లో మే?"

కొండ, కోట, గుహ. చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందున్నది ఉదయగిరి కొండే. "ఉదయగిరి," అన్నాను. మార్తమ్మ పెద్దమ్మ పుట్టిల్లు ఉదయగిరి అన్న సంగతి అన్న తర్వాత గుర్తొచ్చింది.

"మా ఊరా! నాకు తెలియని ఇల్లు లేదాడ. యా వీధి?"

"వీధి కాదు పెద్దమ్మా. కొండ మీద."

"కొండ మీదనా! పాపం, ఊర్లోంచి కూడా తరిమేసినారు," అంది అవ్వ.

"ఇక ఆగేది లేదు," అంది పెద్దమ్మ చెంగు నడుముకు దోపుకుంటూ. "అన్నం మళ్ళీ తినొచ్చు. బస్సుకి టైముండాది. ఇప్పుడే పోయి చూసొద్దాం పదండి. గ్రేసీ, చెప్పులేసుకో, దారి నువ్వే చూపించాల."

అమ్మ బియ్యం డబ్బా బోర్లించి మూట కట్టడం మొదలుపెట్టింది. ఒకావిడ కందిపప్పు తెస్తానని ఇంటికి పరిగెత్తింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు పెద్దమ్మా! వాళ్ళ మేనత్త చానా చెడ్డది. ఆమె చూస్తే చాలు, మనుషులు బిగుసుకుపోతారు!"

"అట్టాంటోళ్ళని చానామందిని చూసినాలే. నేనూ ఒక చూపు చూస్తా దాన్ని. ఎవరు బిగుసుకుంటారో తేలిపోద్ది."

"ఆడంతా గబ్బిలాలు!"

"సుగుణా, రెండు చీపుర్లు కూడా పెట్టు. ఇల్లు ఊడ్చేవాళ్ళు కూడా లేరంట."

చూశారా? నేను ఒక్క అబద్ధం ఆడలేదు. పుస్తకంలో ఉన్నదే పొల్లు పోకుండా చెబుతున్నాను. ఎంత చెబితే అంత సామాను పెరుగుతోంది. ఇంకో నిమిషం ఆగితే కొండెక్కడానికి నిచ్చెన కూడా తెచ్చేవాళ్ళు.

బయలుదేరే ముందు అమ్మగారు అందరినీ గుమ్మం దగ్గర ఆపారు. "వాక్యం చదవకుండా పోకూడదు. గ్రేసీ, నీ చేతిలో ఉండాది గదా, ఒక కీర్తన చదువు తల్లీ."

నేను కవరును గుండెకు హత్తుకున్నాను. "గొంతు నొప్పి అమ్మగారూ."

"పోనీ ఇటియ్యి, నేను చదవతా," అని అమ్మ కవరు లాక్కుని, గర్వంగా జిప్పు తీసింది.

పచ్చ కళ్ళ పాము మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ పాము వైపు చూసింది. తర్వాత నేను గుర్తుకు దారం పెట్టుకున్న పేజీ తెరిచి, పైకి చదవసాగింది: "సిరి గుహలో ఒంటరిగా కూర్చుని, రాతిబొమ్మగా మారిన తండ్రిని తలుచుకుని..."

మార్తమ్మ పెద్దమ్మ చేతిలో చీపురు జారి కింద పడింది. ఆకలితో పీక్కుపోయిన ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. మంత్రగత్తె అవసరం లేకుండానే నేను రాయినైపోయాను.

"అయితే ఆ పిల్లే లేదా?" అంది అవ్వ మెల్లగా. "పోనీలే, అన్నానికి అల్లాడే బిడ్డ ఒకటి తగ్గింది."

అమ్మ పుస్తకం పట్టుకుని నేరుగా పెరట్లో పొయ్యి దగ్గరికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. "అమ్మా, నన్ను కొట్టమ్మా! అది నస్రీన్‌ది! దాన్ని కాల్చొద్దు!" నిజంగా ఏడ్చాను. ఈసారి సిరి కోసం కాదు. నన్ను నమ్మి పుస్తకమిచ్చిన పిల్ల ముఖం ఎట్లా చూడాలో తెలియక ఏడ్చాను.

"ఆగు సుగుణా!" మార్తమ్మ పెద్దమ్మ అడ్డం వచ్చింది. "పొద్దుట నుంచి పేగులు మాడ్చుకుని ఆ పిల్ల కోసం ఏడ్చినాం. నా మోకాళ్ళు కొట్టుకుపోయినాయి. ఏమైందో తెలుసుకోకుండా పొయ్యిలో పెడతావా?"

అమ్మ అమ్మగారి వైపు చూసింది. ఆవిడ పుస్తకం తన చేతిలోకి తీసుకున్నారు. "చేసిన ప్రార్థన వృథా పోదులే. మనం సిరి వాళ్ళ నాయన కోసం అడిగితే, దేవుడు ఇంకెవరికో కాళ్ళూ చేతులూ ఇచ్చుంటాడు. అయినా..." అని గొంతు తగ్గించారు, "ఆ పిల్ల బయటపడిందా లేదా తెలియకపోతే నాకూ అన్నం దిగేటట్టు లేదు."

అలా విస్తళ్ళు వేశారు. నాకు తప్ప అందరికీ వంకాయ పులుసు. నాకు శిక్ష, పుస్తకం చివరిదాకా గట్టిగా చదవడం. ఇంత మంచి శిక్ష నేను మళ్ళీ ఎప్పుడూ అనుభవించలేదు. గబ్బిలాలు రాగానే "చీపుర్లు కావాలని నేను చెప్పలా?" అంది పెద్దమ్మ. మేనత్త వచ్చినప్పుడల్లా అవ్వ పళ్ళు కొరికింది. సిరి తాళం పగలగొట్టుకుని బయటపడితే అమ్మగారు "స్తోత్రం!" అనేశారు. అమ్మ మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది. అయితే నేను నీళ్ళు తాగడానికి ఆగితే "ఊఁ, కానీ," అన్నది ఆవిడే.

సిరి మాయజలం సంపాదించింది. రాతి నాయన దగ్గరికి చేరింది. కడవ పైకెత్తింది. వెనక నుంచి మేనత్త చెయ్యి చాచింది. నేను పేజీ తిప్పాను.

"మిగతా కథ రెండో భాగంలో."

ఆ రోజు మా హాలులో లేచిన గోల ఏ పెళ్ళిలోనూ వినలేదు. "అంటే ఆయన ఇంకా రాయేనా!" అని పెద్దమ్మ తినే చెయ్యి విదిలించింది. సంఘం మొత్తాన్నీ మోసం చేసింది నేను కాదు, ఆ రాసినాయనే అని తీర్మానం జరిగింది. నాకు మాత్రం నెల రోజులు గిన్నెలు తోమే పని పడింది.

సోమవారం పుస్తకం చెక్కుచెదరకుండా నస్రీన్‌కు చేరింది. ఆ సాయంత్రం నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే అమ్మ ఫోనులో మాట్లాడుతోంది. అవతల నెల్లూరులో పుస్తకాల షాపు.

"పేరు గుర్తులేదు సార్. అట్ట మీద పాముంటాది. దాంట్లో ఒకాయన రాయైపోయుండాడు... ఏంది, ఇంకా అచ్చే కాలేదా? ఎప్పుడొచ్చినా మొదటి కాపీ మాకే పక్కన పెట్టాల. ఎవురికన్నా ముందిచ్చినారంటే ఊరుకునేది లేదు. ఆయన కోసం ఉపవాసం ఉన్నోళ్ళం సార్ మేము!"

అప్పుడే, మోచేతుల దాకా బూడిదతో, అంట్ల గిన్నెల సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేశాను. నేటికీ దానికి కట్టుబడి ఉన్నాను. ఈ జన్మలో ఎవరి కోసమైనా సరే, ముందు ఆధార్ కార్డు కళ్ళారా చూడనిదే, ప్రార్థన అడగను గాక అడగను.