జీపత్త ప్రార్థన

మా మేనత్తను అందరూ జీపత్త అంటారు. అటవీశాఖ జీపు నడుపుతుంది. తాళం తిప్పే ముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి పైకే ప్రార్థిస్తుంది. టైర్లు, బ్రేకులు, ఎదురొచ్చే లారీ డ్రైవరు నిద్రమత్తు, అన్నీ విడివిడిగా దేవుడికి అప్పజెబుతుంది. ఈలోగా వెనక కూర్చున్నవాళ్లకు తలప్రాణం తోకకొస్తుంది. "ఇంజను కంటే ముందు నీ నోరు వేడెక్కుతుందే," అనేవాడు మావయ్య. ఆయన ఫారెస్టు గార్డు.

ఆ మావయ్యను కలప దొంగలు ఎత్తుకుపోయారు. మర్నాడు పొద్దున వాళ్లలో ఒకడు పోలీసులకు దొరికాడు. లోయలో కట్టిపడేసి వచ్చామన్నాడు గానీ చోటు చెప్పలేకపోయాడు. మండుటెండ, ఆయన దగ్గర చుక్క నీళ్లు లేవు. ప్రాణాలతో దొరుకుతాడని మాలో ఎవరికీ ఆశ లేదు, అత్తకు తప్ప. ఆరోజూ ప్రార్థన చేశాకే జీపు తీసింది. ఎవరూ సణగలేదు.

పోలీసులు, గార్డులు, నేను లోయంతా గాలించాం. కేకలేశాం, ఈలలేశాం, రేకు డబ్బాలు వాయించాం. ఒకరి గొంతు పోతే ఇంకొకరు అందుకున్నారు. ఎంత గోల చేస్తే అంత బాగా వెతుకుతున్నామనుకున్నాం. పొద్దు వాలేసరికి ఇన్‌స్పెక్టరు ఇక రేపు వద్దామన్నాడు.

అత్త అక్కడే బండమీద కూలబడింది. "ఒక్క ప్రార్థన చేసుకుని పోదాం సార్. అందరూ కూర్చోండి."

కాదనలేక కూర్చున్నాం. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ పెదవి కదపలేదు. మేమూ కిక్కురుమనలేదు. అప్పుడు వినబడింది, కింద పొదల్లోంచి, రాయి మీద ఏదో తడుతున్న చప్పుడు.

నోట్లో గుడ్డలు కుక్కి, చెట్టుకు కట్టేసిన మావయ్య బూటు మడమతో రాయిని తన్నుతున్నాడు. మేం లోయలో దిగినప్పటినుంచీ తన్నుతూనే ఉన్నాడట. మా అరుపుల్లో మాకు వినబడితేగా.

అత్త తడిగుడ్డతో ఆయన పెదాలు తుడుస్తుంటే ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, అంత గొప్పగా ఏం ప్రార్థించావమ్మా అని అడిగాడు.

"ఏమీ లేదు సార్. నాకు ఒక్క మాటా రాలేదు. మనిషి పోయాడనే అనుకున్నాను," అని అత్త భోరుమంది. ఆవిడ ఏడవటం నేను చూడటం అదే మొదలు.

మావయ్య ఎండిన గొంతు పెగల్చుకుని, "నేను మాత్రం నువ్వొస్తావనే తన్నానే," అన్నాడు.