అరవై ఒకటి పదహారు టోకెన్

మౌలా అలీకి మనుషుల పేర్లు గుర్తుండవు, బండి నంబర్లే గుర్తుంటాయి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ముప్పై ఏళ్లు స్కూటర్ల స్టాండ్ నడిపిన మనిషి. అది మూతపడి ఆరేళ్లయినా సీతాఫల్‌మండిలో అందరినీ చివరి నాలుగంకెలతోనే పిలుస్తాడు. భార్య జాన్ బీకి బండి లేదు కాబట్టి ఆమెను "ఓయ్" అంటాడు.

పక్కింటి లాయరు కల్పలత ఆయనకు "ఎనభై ఆరు ఇరవై". ఆమె పెళ్లి కానుక కవరు మీద కూడా అదే రాశాడు. పెళ్లికొడుకు లాటరీ టికెట్టనుకుని రెండు రోజులు దాచిపెట్టాడు.

ఒక ఆదివారం మౌలా అలీ కొత్త స్కూటర్ కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. స్కూటర్ తోయడమే తప్ప నడపడం ఆయనకు రాదు.

"ఎనభై ఆరు ఇరవై బేటీ, సర్కారు మీద కేసెయ్యాలె."

"ఏమైంది చాచా?"

అరవై ఒకటి పదహారు కావాలని ఫ్యాన్సీ నంబరుకు ఫీజు కట్టి రసీదు తీసుకున్నాడు. నంబరు చేతికొచ్చేలోపు ఫీజు మూడింతలైంది. మిగతాది కట్టు, లేదంటే నంబరు వదులుకో అంది ఆఫీసు. స్కూటర్ కొనడంతోనే ఆయన దగ్గరున్నదంతా ఊడ్చుకుపోయింది.

"పక్క నంబరు మామూలు ఫీజుకే ఇస్తామన్నారంట కదా?"

"పక్కోని బండి ఇస్తే నువ్వు తీస్కపోతవా?"

"పోనీ, బోర్డు మీద రంగుతో రాయించుకో."

"దొంగ నంబరా!" మౌలా అలీ చెవులు మూసుకున్నాడు. "నా స్టాండ్‌ల దొంగ నంబరు బండి ఒక్కటి నిలవడలే. ఒక్క టోకెన్ వాపస్ రావాలె బేటీ. జెర కొట్లాడు."

ముసలితనపు పిచ్చి అనుకుని కల్పలత నవ్వుకుంటూనే కేసు వేసింది.

వాయిదా పడినప్పుడల్లా ఆయన ఆమెను స్టాండ్ ఉన్న చోటికి తీసుకెళ్లేవాడు. అక్కడిప్పుడు ఉత్త గోడ. "గీడ పద్దెనిమిది డెబ్బై రెండు నిలవడేది. గీడ నలభై సున్నా ఐదు, చమురు కారేది" అని గోడను చూపించేవాడు. చూపిస్తూ చూపిస్తూ గొంతు తగ్గిపోయేది. ఆ స్టాండ్ మీద ఆయనకింత బెంగ ఉందని కల్పలతకు అప్పుడే తెలిసింది.

చివరి వాయిదాలో జడ్జి ఆయన్నే అడిగాడు, ఏమైనా చెప్పుకుంటావా అని.

"సాబ్, పొద్దుగాల బండి పెట్టినోని దగ్గర, పొద్దుమీకి కొత్త రేటు నేనెన్నడన్న అడిగిన్నా? రసీదిచ్చినంక రేటు పెంచుడేంది?"

సర్కారు లాయరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. రసీదు నాటి రేటే చెల్లుతుందని తీర్పొచ్చింది.

నంబరు ప్లేటు బిగించిన సాయంత్రం మౌలా అలీ కల్పలతను పిలిచాడు. స్కూటర్ ఆయన ఇంటి ముందుంది. కాసేపటికి వెనక వీధి వీరయ్య వచ్చాడు. భార్య కమలాబాయి పోయిన దగ్గర్నుంచి ఆయనకు మతి నిలవడం లేదు. చేతిలో అరిగిపోయిన ఇత్తడి టోకెన్.

"నా బండేది? లాలాగూడకు పోవాలె. డ్యూటీ దిగి కమల నిలవడి చూస్తది."

రోజూ ఇదే మాట. అమ్మేశావని కొడుకు చెబితే వినడు. బండి కోసం స్టేషన్ దాకా నడిచి దారి తప్పుతాడు.

మౌలా అలీ టోకెన్ అందుకున్నాడు. "ఇగో సాబ్, అరవై ఒకటి పదహారు."

వీరయ్య ప్లేటును వేళ్లతో తడిమాడు. ఒక్కో అంకె చదివాడు. ముఖం విప్పారింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

"నాది బూడిద రంగు గదా? ఇది నీలమేంది?"

కల్పలత ఊపిరి బిగబట్టింది.

"ఎండకు మారింది సాబ్."

వీరయ్య ఆలోచించాడు. "కమలకు నీలమే ఇష్టం, తియ్" అన్నాడు.

"మేడం డ్యూటీ దిగనీకి ఇంకా టైముంది. ఇంటికి పోయి చాయ్ తాగుండ్రి. బండి యాడికి పోదు."

మౌలా అలీ టోకెన్ తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. వీరయ్య నెమ్మదిగా, నేరుగా ఇంటి దారి పట్టాడు. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"రేపటిసంది నీడల పెట్టు!"

మర్నాడు పొద్దున్నే ఠంగుఠంగుమని చప్పుడైతే కల్పలత కిటికీ తెరిచింది. మౌలా అలీ నిచ్చెనెక్కి స్కూటర్‌పైన రేకుల పందిరి వేస్తున్నాడు.

"ఎనభై ఆరు ఇరవై! నీ బండి సుత తెచ్చి పెట్టు. జాగ ఉంది!"