చేంతాడు వంతు

“ఎందుకంట?” అని నాగమ్మ అడిగింది.

“కారణం రాయలేదు” అన్నాను.

రాశారు. నాలుగు వరుసల్లో రాశారు. ఆ కాగితం నా చేతిలోనే ఉంది, నా కళ్ళు ఆ వరుసల మీదే ఉన్నాయి. ఆ నాలుగు వరుసలూ నావి. పత్రికలో నేను రాసిన మాటలనే సర్కారు వారు ఉన్నవి ఉన్నట్టు దించుకుని కింద ముద్ర వేశారు. “కారణం రాయలేదు” అన్న మాటను ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు, ఆమె పోయింది. పత్రికాఫీసులో పాతికేళ్ళు నా ఎదురు బల్ల దగ్గర కూర్చున్న మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. నా మీద జాలిపడకండి. ఇది చదివాక జాలిపడాలని మీకు అనిపించదు కూడా.

నాది యానాం. ఫ్రెంచి చదువు వచ్చు కదా అని ఓడెక్కి పుదుచ్చేరి వచ్చినవాణ్ణి. ఒక ఫ్రెంచి వారపత్రికలో పని దొరికింది. దాన్ని చదివేది పట్నం మధ్య కాలువకు అవతలి తెల్లవాళ్ళ వీధుల్లోని దొరలు, వాళ్ళ కింద కొలువు చేసే నాలాంటివాళ్ళు. పట్నం చుట్టూ ఉన్న పేటలను వారానికొకటిగా పరిచయం చేయాలని పత్రిక యజమానికి ఒక ఆలోచన వచ్చింది. ఎవరుంటారు, ఏం చేసి బతుకుతారు, ఏం తింటారు, ఎట్లా మాట్లాడుకుంటారు, ఇవన్నీ రాయాలి. తేంగాయితిట్టు పడవలవాళ్ళ మీద మొదటిది రాశాను. బాగుందన్నారు. తరువాత మూలకుళం వైపు పొమ్మన్నారు. అక్కడ తెలుగు మాట్లాడే అద్దకంవాళ్ళ వీధి ఒకటి ఉంది, నువ్వూ తెలుగువాడివే, పని సులువు అన్నారు.

ముప్పై గడపల వీధి. నీలిమందు తొట్లలో గుడ్డ ముంచి ఆరవేసేవారు. ఆ నీలి గుడ్డ ఇక్కడి ఓడల్లో ఆఫ్రికాకు పోయేది. వీధి పొడుగునా తాళ్ళ మీద తడి గుడ్డలు, వాటి కింద వంగి నడవాలి. వాసన వేసేది. అంతవరకు నేను రాసింది నిజమే. తరాల కిందట వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఇంట్లో తెలుగు, బజారులో అరవం. తెలుగు అక్షరం చదవగలిగిన మనిషి ఆ వీధిలో ఒక్కడూ లేడు. ఫ్రెంచి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వీధికంతా ఒకటే బావి. నేను వెళ్ళేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గొంతు ఎండిపోయి నేరుగా బావి దగ్గరికి పోయి చేంతాడు అందుకున్నాను. పాతికేళ్ళ ఆడమనిషి ఒకతె వచ్చి నా చేతిలోంచి తాడు లాక్కుంది. ఆమే నాగమ్మ.

“వదులు సామీ. యాడ, చెయ్యి చూపించు.”

చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. ఆ గొంతులో అటువంటిదేదో ఉంది. నా వేళ్ళ నిండా సిరా.

“మామా, ఇట్ల చూడు. ఈ సామి చేతికీ నీలమే” అని అరుగు మీద కూర్చున్న మామగారిని పిలిచింది. “ఏ తొట్లో పెట్టినావు సామీ చెయ్యి?”

“అది సిరా” అన్నాను. “నేను తొట్టిలో పనిచేసే మనిషిని కానమ్మా.”

“ఏందైతే ఏంది. నీలం చెయ్యి మా తాడు పట్టకూడదు. దోసిలి పట్టు, పోస్తా. ఏ ఊరు నీది? హరికథ చెప్పినట్ల మాట్లాడతావుండావే.”

వీధి వీధంతా నవ్వింది. తొట్ల దగ్గర వంగినవాళ్ళు నడుములు ఎత్తి మరీ నవ్వారు. నేను దోసిలి పట్టి, మెడ వంచి, కోటు ముందంతా తడుపుకుంటూ తాగాను. నన్ను తక్కువవాడిగా చూశారని నా మనసులో పడింది. ఇన్నేళ్ళ తరువాత కూడా, చేసిన పాపమంతా నాదే అని తెలిసి కూడా, ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది దాచి చెబితే ఇది ఒప్పుకోలు కాదు.

నాగమ్మ మామగారు గురప్ప నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సంగతంతా విడమరచి చెప్పాడు. దాన్ని వాళ్ళు చేంతాడు వంతు అంటారు. రోజుకొక ఇంటి వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు ఆ రోజు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తొట్టిలో చెయ్యి పెట్టరు. ముప్పై ఇళ్ళకూ తాగేనీళ్ళు, తొట్ల నీళ్ళు వాళ్ళే తోడి పోస్తారు. మిగిలినవాళ్ళెవరూ తాడు ముట్టరు. తొట్లలో మిగిలిపోయిన రంగునీళ్ళను ఎవరి ఇంటివి వాళ్ళు కుండలకెత్తి చేలు దాటి, దూరాన తవ్విన గుంటలో పోసి వస్తారు. ఆ రోజు వంతు నాగమ్మది. వేరే ఎవరి చెయ్యి అయినా ఆమె అట్లాగే చూసేది. గురప్ప చెప్పినదంతా నా పుస్తకంలో ఎక్కించుకున్నాను. ఆ గుంట దాకా నడిచి చూసి కూడా వచ్చాను.

ఆఫీసుకు వచ్చి దానికి సరిగ్గా తలకిందులుగా రాశాను.

“ఈ పేట కంటికి కనబడక ముందే ముక్కుకు తెలుస్తుంది. ఇక్కడి జనం రంగునీళ్ళను తమ బావి చుట్టూనే పారబోస్తారు. ఆ నీలి చేతులతోనే తోడుకుంటారు. శుభ్రం గురించి మాట్లాడినవాడిని చూసి నవ్వుతారు.” ఇవే ఆ నాలుగు వరుసలు. ఫ్రెంచిలో ఇంకా నున్నగా ఉంటాయి. కాలువ అవతలి ఇళ్ళల్లో కాఫీ తాగుతూ చదివి నవ్వుకున్నారట. ఇప్పుడు నీకు రాయడం వచ్చింది అన్నాడు యజమాని. ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళు నవ్వినదానికి నేను కాలువ అవతలివాళ్ళ చేత నవ్వించాను.

అక్కడితో ఆగి ఉంటే నేను ఒక చెడ్డ విలేకరిని మాత్రమే అయ్యేవాణ్ణి. అట్లాంటివాళ్ళు ఆఫీసు నిండా ఉండేవారు.

తమ వీధి సంగతి పత్రికలో వచ్చిందని వాళ్ళకు తెలిసింది. ఎవరి చేతనో ఒక ప్రతి తెప్పించుకున్నారు. ఆ పుట కత్తిరించి గురప్ప పటం కట్టించాడు. అద్దానికి బొట్టు పెట్టి, చదివి వినిపించమని నాకు కబురు పంపాడు. మానేయవచ్చు కదా, ఎందుకు వెళ్ళాను? ఎవరైనా ఫ్రెంచి తెలిసినవాడు దొరికితే నిజం చదివేస్తాడన్న భయంతో వెళ్ళాను. ఆ కాగితాన్ని నేను తప్ప ఇంకెవరూ చదవకూడదు అనుకున్నాను.

వీధి వీధంతా కూర్చుంది. పటం నా ఒళ్ళో పెట్టారు. కళ్ళు దాని మీద ఉంచి, వేలితో వరుసలు చూపిస్తూ, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. చేంతాడు వంతు గురించి చదివాను. చేలు దాటిన గుంట గురించి చదివాను. ఈ పట్నంలో తన నీళ్ళను ఇంత భద్రంగా కాపాడుకునే వీధి మరొకటి లేదని చదివాను. ఒక్క చోట తడబడలేదు. నా జన్మలో నేను చేసిన మంచి రచన అదే. అది ఏ కాగితం మీదా లేదు.

“నేను తాడు లాక్కున్నది రాసినావా?” అని నాగమ్మ అడిగింది.

“రాశాను.”

“ఏమని?”

“బావికి కాపలా మనిషి అని.”

“అట్లయితే సరే. ఆ పొద్దు నీ మొహం చూస్తే బండబూతులు రాస్తావనుకుంటి” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలం బావి అడుగంటింది. పట్నం కొళాయి గొట్టాన్ని తమ వీధి దాకా పొడిగించమని మేరీకి, అంటే మునిసిపల్ కచేరికి, అర్జీ పెట్టుకోవాలనుకున్నారు. రాసిపెట్టమని గురప్ప నా దగ్గరికే వచ్చాడు. రెండు రోజులు కూర్చుని రాశాను. నిజమే రాశాను, నా ఫ్రెంచినంతా పోసి రాశాను. ఇది చేస్తే అది చెల్లిపోతుందని లోపల ఒక లెక్క ఉంది కాబోలు. సంతకాల చోట ముప్పై ఇళ్ళవాళ్ళూ వేలిముద్రలు వేశారు. అన్నీ నీలం ముద్రలు, సిరా అవసరమే రాలేదు.

అప్పుడు గురప్ప సంచిలోంచి ఆ కాగితం తీశాడు. పటం విప్పి తెచ్చాడు.

“దీన్ని గూడా జతపెట్టు సామీ. దొరలకు నమ్మకం కలగాల గదా.”

“అక్కర్లేదేమో పెద్దాయనా. అర్జీలో అంతా ఉంది.”

“నువ్వు రాసిందే గదా. నువ్వే ఎనకాడితే ఎట్ల?”

అప్పుడు చెప్పి ఉండాలి. కిటికీలోంచి గాలి వస్తోంది, కాగితం ఎగిరిపోకుండా గురప్ప దాని మీద అరచెయ్యి పెట్టి నా వైపు చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. కచేరీవాళ్ళు జతపరచిన కాగితాలు చదువుతారా, పైపైన చూసి పక్కన పడేస్తారు అనుకున్నాను. నేను రాసినదాన్ని ఎవరూ చదవకూడదని మొక్కుకున్నాను. గుండుసూది తీసుకుని నేనే గుచ్చాను.

చదివారు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. కొళాయి ఇవ్వరు. ఉన్న బావి ఆరోగ్యానికి చేటు కనుక దాన్ని బండతో మూయిస్తారు. కారణం, అర్జీదారులే జతపరచిన పత్రికా వ్యాసం. ఆ నాలుగు వరుసలు. వ్యాసాన్ని జవాబుతో పాటు తిప్పి పంపారు.

బావి దగ్గరే నిలబడి చదివాను. ఇవ్వరని చెప్పాను, మూస్తారని చెప్పాను. నాగమ్మ ఎందుకంట అని అడిగింది. నా జవాబు మీకు తెలుసు.

గురప్ప మాత్రం ఆలోచనలో పడ్డాడు. “కారణం చెప్పింటే దొరను పిలుచుకొచ్చి చూపించుందుము. వంతు ఇట్ల, గుంట అట్ల అని. చెప్పకుండా మూస్తే ఏమని అడగడం?” అన్నాడు. ఆయన అన్నది నిజం. ఒక్క అధికారి వచ్చి అరపూట ఆ వీధిలో నిలబడి ఉంటే బావి మిగిలేది. ఆ దారిని నేను మూశాను, బండ తరువాత వచ్చింది.

రాతిపనివాళ్ళు వచ్చి బండ పరిచిన రోజున నేను వెళ్ళలేదు. ఊళ్ళో వేరే వార్త ఉందని యజమానికి చెప్పాను. నీళ్ళు లేక తొట్లు ఎండిపోయాయి. రెండేళ్ళు తిరిగేసరికి వీధి సగం ఖాళీ అయింది. కొందరు మిల్లులో కూలికి చేరారు, కొందరు సరిహద్దు దాటి ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోని ఊళ్ళకు పోయారు. గురప్ప కూడా అటే వెళ్ళి అక్కడెక్కడో కన్నుమూశాడని విన్నాను. ఆయన తొట్లు పగలగొట్టి ఆ ఇటుకలు అమ్ముకుని బండి ఎక్కేటప్పుడు నాకు కబురు చేశాడు. దానికీ పోలేదు.

నేను ఏం కోరుకున్నానని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. వాళ్ళ చెడు కోరానా? లేదు. అయినా అంతకంటే హీనమైనది కోరాను. మంచివాడిగా వాళ్ళ మధ్య కూర్చోవాలని కోరాను. ఆ మర్యాద పోకుండా ఉండటానికి బావి పోయినా ఊరుకున్నాను. ఇప్పుడు ఇది కూడా తెలుగులో రాస్తున్నాను. ఆ వీధివాళ్ళు ఇంట్లో మాట్లాడేదీ, చదవలేనిదీ ఈ భాషే. ఎంచుకోవడంలో కూడా నా జాగ్రత్త మీరు గమనించే ఉంటారు. చెప్పాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.

నాగమ్మ ఉంది. మిల్లు దగ్గర ఒక గదిలో మనవరాలితో ఉంటోంది. పోయిన నెల బజారులో కనబడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. గురప్ప మళ్ళీ కట్టించుకున్న ఆ పటం గోడకు ఉంది. కాగితం పచ్చబడింది, అద్దం మీద బొట్టు కొత్తది. వచ్చే నెలలో మనవరాలి పెళ్ళి.

“నువ్వు రావాల సామీ. పెండ్లికొడుకు మేరీలో గుమాస్తా. ఫ్రెంచి బాగా సదువుతాడంట. మేము ఎట్లాటి వీధిలో బతికినామో ఆ బిడ్డకు చూపించాల.”

వస్తానన్నాను. పటం ఇమ్మని అడగలేదు. అది ఇంకా ఆ గోడకే ఉంది.