కుడి నుంచి నడిచే కళ్లు

ఎమ్మిగనూరులో మా టీచరమ్మ పోయిందని మొన్న కబురొచ్చింది. పండుటాకు రాలిందిలే అన్నారు అందరూ. నాకు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. నేనిలా తెలుగులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

యాభైల్లో, ఆదోనిలో మా ఇంట్లో నాకు మొదట నేర్పింది ఉర్దూ. తెలుగు బడికి ఆలస్యంగా వెళ్లాను. అక్షరాలు త్వరగానే వచ్చాయి, చదవడమే చేతకాలేదు. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి బాగానే సాగేది. చివరికి రాగానే కళ్లు అక్కడే కిందికి దిగి, రెండో వరుసను ఉర్దూలో లాగా కుడి నుంచి పట్టుకునేవి. క్లాసంతా గొల్లుమనేది. మా అబ్బా, అంటే నాన్న, బడికొచ్చి టీచరమ్మతో తేల్చేశాడు: "ఇన్‌స్పెక్టరు సదివించే దినం గూడా ఇట్లే తప్పితే, ఇంగ ఇంట్లోనే ఉంటాదమ్మా."

టీచరమ్మ నాకు ఎదురుగా కూర్చుంది. పుస్తకం వైపు చూడనేలేదు.

"సదువు మే. నేను నీ కండ్లు సూస్తా."

కాసేపటికి ఫక్కున నవ్వింది. "నీకు సదువు రాక కాదు మే. కండ్లు రెండూ జోడెద్దుల మాదిరి కలిసే పోతాండాయి. సాలు కొసన ఆడనే మళ్లుకుంటాండాయి, అంతే!"

ఆమెది నేతవాళ్ల ఇల్లు. ఎర్రటి చీర అంచు ముక్క తెచ్చి పేజీకి ఎడమ పక్కన పెట్టింది. వరుస అయిపోగానే చూపు ఆ ఎరుపు దగ్గరికి రావాలి. ఉర్దూ పుస్తకానికైతే అదే అంచు కుడి పక్కన పెట్టేది. "మగ్గంలో నాడె అటూ పోతాది, ఇటూ వస్తాది. గుడ్డ ఒకటే" అనేది. ఉర్దూ మరిచిపొమ్మని ఒక్కనాడూ అనలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అబ్బా గుమ్మంలో నిలబడ్డాడు. "ఈ పేలిక ఏమిటి?" అంటూ ఇన్‌స్పెక్టరు అంచు లాగి పడేశాడు. తలెత్తితే ఆయన వెనక టీచరమ్మ. ఆమె కళ్లు రెండూ తనకు ఉర్దూలా కుడి నుంచి ఎడమకు, ఎదురుగా ఉన్న నాకు తెలుగులా ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచి, చటుక్కున మొదటికొచ్చాయి. అంతే. పేజీ మొత్తం చదివేశాను, ఎక్కడా తడబడకుండా!

అబ్బా నా పుస్తకం చంకన పెట్టుకొని నన్నూ టీచరమ్మనూ బజారుకు నడిపించాడు. ప్రతి అంగడి ముందూ ఆగి, బోర్డు చూపించి, "సదువు బేటీ" అన్నాడు. తెలుగు బోర్డు, ఉర్దూ బోర్డు, మళ్లీ తెలుగు. నేను చదవగానే అంగడివాణ్ణి బయటికి పిలిచి, "ఇన్నావా అప్పా?" అని అడిగాడు. అంత సంతోషం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. బజారు అయిపోవచ్చేసరికి ఆయనకు దిగులు పట్టుకుంది.

"పక్క వీధిలో గూడా బోర్డులుండాయి లే అన్నా" అంటూ టీచరమ్మ మాకంటే ముందు నడిచింది.